మొలతాడు పక్కకు జరిపి చూడండి

పిల్లాడికి అయిదు రోజులుగా జ్వరం. డెంగీ లేదన్నారు, మలేరియా లేదన్నారు. డాక్టరుగారు చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో వెతికి, చివరికి మొలతాడు పక్కకు జరిపితే దాని కింద నల్లటి పొక్కు కట్టిన మచ్చ. చూస్తే సిగరెట్టుతో చురక పెట్టినట్టు ఉంటుంది గానీ నొప్పి పుట్టదు. అందుకే పిల్లాడు చెప్పడు, మన కంట పడదు. నల్లిలాంటి అతి చిన్న పురుగు కుట్టిన చోటు అది. ఆ జ్వరం పేరు స్క్రబ్ టైఫస్. డాక్టరు చీటీ మీద డాక్సీసైక్లిన్ రాస్తారు. మందుల షాపు మెట్లు దిగకముందే అమ్మకు గుబులు: "ఈ మందు వాడితే పళ్ళు పచ్చబడతాయంటారే?"

అమ్మా, మీ భయం ఉత్తిది కాదు. డాక్సీ టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఈ కుటుంబానికి పెద్ద ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆ మందు 1948లో లోకానికి తెలిసింది. అది తయారైన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్ద దిక్కు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తర్వాతి రోజుల్లో చిన్నపిల్లలకు టెట్రాసైక్లిన్‌ను ధారాళంగా వాడారు. ఆ మందుకు కాల్షియంతో అతుక్కునే గుణం ఉంది. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు చిగుళ్ళ లోపల శాశ్వత దంతాలు తయారవుతుంటాయి. మందు వాటిలో ఇంకిపోయి, పళ్ళు పసుపు, గోధుమ రంగుల్లో వచ్చాయి. తోమినా పోని రంగు అది. ఎనిమిదేళ్ళలోపు వద్దన్న హెచ్చరిక అలా పుట్టింది.

అయితే 1967లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సీ ఆ పాత మందు లాంటిది కాదు. కాల్షియంతో దీని పొత్తు తక్కువ. చిన్నప్పుడు డాక్సీ వాడిన పిల్లల పళ్ళను తర్వాత పరీక్షించి చూస్తే ఆ మరకలు కనిపించలేదు. అందుకే 21 రోజుల లోపు కోర్సయితే ఏ వయసు పిల్లలకైనా ఇవ్వవచ్చని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. స్క్రబ్ టైఫస్‌కు సాధారణంగా వారం రోజుల కోర్సే సరిపోతుంది.

ఇక రెండో వైపు చూడండి. స్క్రబ్ టైఫస్ పేరు టైఫాయిడ్‌కు దగ్గరగా వినిపిస్తుంది గానీ రెండూ వేరు. దీని క్రిమి మన ఒంటి కణాల్లోపల దాక్కుంటుంది. పెన్సిలిన్, సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి పెద్ద ఇంజెక్షన్లు దాన్ని ఏమీ చేయలేవు. డాక్సీ కణంలోపలికి వెళ్ళి, క్రిమి మాంసకృత్తులు తయారుచేసుకోకుండా ఆపేస్తుంది. వేళకు మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మెదడు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుకే అనుమానం బలంగా ఉంటే పరీక్ష ఫలితం రాకముందే మందు మొదలుపెడతారు. కంగారు పడకండి.

మందు వేసే పద్ధతిలో మాత్రం పట్టింపు ఉండాలి. రాత్రి నిద్రమత్తులో ఉన్న పిల్లాడి నోట్లో మాత్ర వేసి, గుక్కెడు నీళ్ళు పట్టి పడుకోబెడితే అది అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. మర్నాడు మెతుకు మింగలేక ఏడుస్తాడు. భోజనం తర్వాత, కూర్చోబెట్టి, నిండు గ్లాసు నీళ్ళతో మింగించండి. అరగంట పాటు పడుకోనివ్వకండి. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాసు మందులు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, రెండు మూడు గంటల ఎడం పాటించండి. డాక్సీ వాడినన్నాళ్ళూ చర్మం ఎండకు తేలిగ్గా కమిలిపోతుంది, మధ్యాహ్నం ఆటలు ఆపించండి. జ్వరం తగ్గిందని కోర్సు మధ్యలో మానేయకండి. రెండు రోజులకూ జ్వరం తగ్గకపోయినా, ఆయాసం, మగత, ఫిట్స్ కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంట్లో పదహారేళ్ళ అమ్మాయో అబ్బాయో ఉంటే మొటిమలకు కూడా ఇదే మందు రాయవచ్చు. అది కొన్ని నెలలకు మించి సాగదీసే వైద్యం కాదు. మొటిమలకే వాడే ఐసోట్రెటినాయిన్‌తో దీన్ని కలపకూడదు. ఆ రెండూ కలిస్తే తలలో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. డాక్సీ వాడుతుండగా విడవని తలనొప్పి, చూపు మసక వస్తే మందు ఆపి డాక్టరుకు చూపించండి. ఇంట్లో గర్భిణికి జ్వరమొస్తే గర్భం సంగతి ముందే చెప్పండి, వేరే మందు చూస్తారు.

జలుబుకీ డెంగీకీ డాక్సీ పనిచేయదు. అవి వైరస్‌ల వల్ల వచ్చేవి. కిందటేడు మిగిలిన నాలుగు మాత్రలు డబ్బాలో ఉన్నాయని పక్కింటి పిల్లాడికి ఇవ్వకండి. గడువు దాటిన టెట్రాసైక్లిన్ వాడి మూత్రపిండాలు చెడిన సందర్భాలు వైద్య గ్రంథాల్లోకి ఎక్కాయి. స్ట్రిప్ మీది ఎర్ర గీత డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని చెప్పేందుకే.

వానలు వెళ్ళి చలి మొదలయ్యే రోజుల్లో పొదల్లో, గడ్డిలో ఆడుకొచ్చిన పిల్లలకు స్నానం చేయించి, బట్టలు మార్చండి. జ్వరం వస్తే తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేటప్పుడు మొలతాడు కూడా ఒకసారి పక్కకు జరిపి చూడండి. మచ్చ కనిపిస్తే సొంత మందు వేయకండి, డాక్టరుకు చూపించండి. ఆయన డాక్సీ రాస్తే వద్దనకండి.