ఖాతాలకు కాపలా: ఇంటి కంప్యూటరు రక్షణపై ఒక పాఠం

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం ఒకేచోట లేదు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు సరసన, మాహే కేరళ సరసన, యానాం ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి తీరాన ఉన్నాయి. తమిళం, మలయాళం, తెలుగు మాట్లాడే ప్రజలు ఒకే పాలన కింద కలిసి జీవిస్తున్నారు. పుదుచ్చేరి పట్టణంలోని లాస్‌పేట విద్యాసంస్థలకు నెలవు. ఠాగూర్ ప్రభుత్వ కళాశాల, మోతీలాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఇక్కడే ఉన్నాయి.

చదువు కోసం యానాం నుంచి ఇంత దూరం వచ్చిన విద్యార్థికి ఇంటితో గల సంబంధం చాలావరకు ఫోను మీద, కంప్యూటరు మీద ఆధారపడి ఉంటుంది. ప్రవేశ దరఖాస్తు, ఉపకారవేతనం, ఇంటి నుంచి వచ్చే డబ్బు, అమ్మానాన్నలతో మాటామంతీ అన్నీ ఆ దారినే సాగుతాయి. ఆ ఖాతా అపహరణకు గురైతే నష్టం ఒక్క విద్యార్థితో ఆగదు. దొంగ అతని పేరుతోనే తల్లికి సందేశం పంపి, అవసరమని చెప్పి డబ్బు అడుగుతాడు. బిడ్డ దూరాన ఉన్నాడన్న ఆదుర్దాయే దొంగకు పెట్టుబడి.

సంకేతపదం బలం

1960 దశకపు తొలి సంవత్సరాలలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పలువురు ఒకే కంప్యూటరును పంచుకొనేవారు. ఒకరి దస్త్రాలను మరొకరు చూడకుండా ఉండేందుకు ఫెర్నాండో కార్బాటో బృందం పాస్‌వర్డును ప్రవేశపెట్టింది. ఆనాటి ఆ చిన్న ఏర్పాటే నేడు కోట్లాది ఖాతాలకు తాళమైంది.

ఈ తాళం బలాన్ని లెక్కకట్టి చూడవచ్చు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు 26. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డులు మొత్తం సుమారు 20,882 కోట్లు. సంఖ్య పెద్దదే. కాని ఒక సంస్థ నుంచి దొంగిలించిన ఖాతాల పట్టికను ఎదుట పెట్టుకొని, సెకనుకు 100 కోట్ల చొప్పున ప్రయత్నించే యంత్రానికి అవన్నీ మూడున్నర నిమిషాల పని. మరి నాలుగు అక్షరాలు చేర్చి పన్నెండు చేస్తే, అదే యంత్రానికి సుమారు మూడేళ్లు పడుతుంది. కనుక చిక్కుముడి వంటి పొట్టి పదం కంటె, ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటల పొడవైన పదబంధం మేలు. పేరు, పుట్టినతేది, ఫోన్ నంబరు పనికిరావు. దొంగ మొట్టమొదట ప్రయత్నించేవి అవే.

ఒకే పాస్‌వర్డును అన్నిచోట్లా వాడటం మరొక పొరపాటు. ఒకచోట బయటపడితే అన్ని తలుపులూ తెరుచుకొంటాయి. అన్నిటికంటె ముఖ్యమైనది ఈ-మెయిలు. మిగిలిన ఖాతాల పాస్‌వర్డు మార్చుకొనే లింకులు సాధారణంగా అక్కడికే వస్తాయి. అది తాళంచెవుల గుత్తి వంటిది.

రెండవ తాళం

పాస్‌వర్డు తెలిసినంత మాత్రాన లోనికి పోనీయకుండా, ఫోనులోని సంకేతాన్ని కూడా అడిగే పద్ధతిని రెండంచెల ధ్రువీకరణ అంటారు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు ఇటువంటి అదనపు తనిఖీని రిజర్వు బ్యాంకు 2009లోనే తప్పనిసరి చేసింది. అందువల్లనే దొంగలు నేడు యంత్రాన్ని గాక మనిషిని మోసగించే ప్రయత్నం చేస్తున్నారు. కళాశాల ఉద్యోగినని, బ్యాంకు అధికారినని నమ్మబలికి, "మీకు ఆరంకెల నంబరు వచ్చింది, చెప్పండి" అంటారు. ఆ ఓటీపీ చెప్పడమంటే తాళంచెవి చేతికివ్వడమే. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ నొక్కవలసిన పని ఎన్నడూ లేదు. పంపడానికే అది కావాలి.

ఇంటి కంప్యూటరు

2017 మే 12న వనాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా వ్యాపించింది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో దస్త్రాలకు తాళం వేసి, విడుదలకు డబ్బు కోరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని సైతం దీనివాత పడ్డాయి. గమనించదగిన విషయమేమంటే, ఆ లోపాన్ని సరిదిద్దే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14ననే విడుదల చేసింది. దానిని వెంటనే అమర్చుకొన్నవారి యంత్రాలలోకి ఆ లోపం గుండా వనాక్రై చొరబడలేకపోయింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, అప్‌డేట్లను వాయిదా వేయరాదు. రెండవది, ముఖ్యమైన దస్త్రాల నకలును కంప్యూటరు నుంచి విడదీసి ఉంచే డిస్కులో భద్రపరచాలి. అపరిచితులు చెప్పారని యంత్రాన్ని దూరం నుంచి నడిపే యాప్‌ను అమర్చుకోరాదు. నెట్ సెంటరులో పని ముగియగానే ఖాతా నుంచి తప్పక లాగవుట్ కావాలి.

అపాయం జరిగితే

ముందుగా, ఎటువంటి హానీ సోకని మరొక పరికరం నుంచి ఈ-మెయిలు పాస్‌వర్డు మార్చి, మిగిలిన పరికరాలన్నిటి నుంచి ఖాతాను లాగవుట్ చేయాలి. బంధుమిత్రులను హెచ్చరించాలి. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక బ్యాంకుకు, 1930 నంబరుకు తెలపాలి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, సొమ్ము చేతులు మారకముందే నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. సమాచార సాంకేతిక చట్టం 2000 లోని 66సి సెక్షన్ ప్రకారం మరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడినవారికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. మోసపోవడం నేరం కాదు. సిగ్గుపడి దాచుకోవడం దొంగకే మేలు చేస్తుంది.

దూరాన ఉన్న కుటుంబాలు తమలో తామే ఒక రహస్యపు మాటను నిర్ణయించుకొని, డబ్బు కోరిన ప్రతిసారీ ఫోను చేసి ఆ మాట అడగడం మంచిది. ఖర్చులేని ఈ ఏర్పాటు లాస్‌పేట హాస్టలు గదికీ, యానాంలోని ఇంటికీ సమానంగా ఉపకరిస్తుంది.