పాఠం 14: టమాటా మొక్క – పూత, పిందె, కాయ, పండు

పిల్లలూ, మీ ఇంటి వెనక పెరట్లో గానీ, బాల్కనీ కుండీలో గానీ టమాటా మొక్క ఉందా? లేకపోతే ఈ ఏడు ఒకటి పెట్టండి. ఒక్కటి చాలు.

ఎప్పుడు నాటాలనేది మీరుండే ఊరిని బట్టి ఉంటుంది. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల రాత్రిపూట మంచు పడితే లేత మొక్క తెల్లారేసరికి నల్లబడి చచ్చిపోతుంది. అందుకే మార్చి చివర్లో ఇంట్లోనే కిటికీ దగ్గర గింజలు వేసి, 6 నుంచి 8 వారాలు పెంచి, మే నెల సగం దాటాక బయట నాటుతారు. దుబాయ్‌లో, కువైట్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ ఎండలు తగ్గాక నాటి, చలికాలంలో కాయలు కోసుకుంటారు.

గింజ వేసిన వారం పది రోజుల్లో మొలక వస్తుంది. మొదటి రెండు ఆకులు టమాటా ఆకుల్లా ఉండవు, కంగారు పడకండి. నాటడానికి పెంచిన ఈ చిన్న మొక్కల్ని నారు అంటారు. నాటేటప్పుడు కింది ఆకులు తుంచేసి, కాండం సగం దాకా మట్టిలో పాతండి. పాతిన చోట కూడా వేళ్ళు వస్తాయి! పక్కన ఒక కర్ర గుచ్చి, గుడ్డ పీలికతో వదులుగా కట్టండి. రోజూ కనీసం 6 గంటల ఎండ తగలాలి.

మొక్క చుట్టూ మట్టితో చిన్న గట్టు కడితే దాన్ని పాదు అంటారు. నీళ్ళు పాదులో పొయ్యాలి, ఆకుల మీద కాదు. ఆకులు తడిగా ఉంటే తెగుళ్ళు వస్తాయి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెప్తాను. పోయిన వేసవిలో మా మొక్కకి మొదట కాసిన నాలుగు కాయలూ అడుగున నల్లబడి మెత్తగా అయిపోయాయి. మా పాప ఏడుపు ఒకటే. పురుగు పట్టిందనుకుని వేపనూనె చల్లాం. ఏమీ లాభం లేదు. అసలు తప్పు మాదే. మేము వారం రోజులు ఊరెళ్ళాం, మొక్క ఎండింది. తిరిగొచ్చి బకెట్ల కొద్దీ నీళ్ళు పోశాం. కాయకి కాల్షియం కావాలి, అది నీళ్ళతోనే కాయలోకి చేరుతుంది. నీళ్ళు ఒకరోజు లేక, ఒకరోజు ఎక్కువై ఉంటే కాయ అడుగుదాకా కాల్షియం సరిగా అందదు. ఆ తరువాత మట్టి మీద ఎండుగడ్డి పరిచి, తడి ఆరిపోకుండా చూసుకుంటూ నీళ్ళు పోశాం. తరువాతి కాయలు బాగానే వచ్చాయి.

ఇంగ్లీషులో పచ్చిగా ఉన్నా, ఎర్రగా ఉన్నా టమాటాయే. తెలుగులో అలా కాదు. ముందు మొగ్గ, తరువాత పువ్వు. చెట్టు నిండా పూలుంటే పూత. పువ్వు రాలాక గోళీ అంత ఉండేది పిందె. అది పెరిగితే కాయ. రంగు మారడం మొదలైతే దోరకాయ. పూర్తిగా ఎర్రబడితే పండు. ఎండ మరీ ఎక్కువైతే, 32 డిగ్రీల సెల్సియస్ దాటితే, పూత రాలిపోవచ్చు. అప్పుడు అమ్మమ్మ ఫోనులో “పిందెలు వచ్చాయా?” అని అడిగితే, “పూత రాలిపోతోంది అమ్మమ్మా” అని చెప్పండి. ఆవిడ ఎంత సంబరపడుతుందో చూడండి! (పూత రాలినందుకు కాదులెండి.) కొందరి ఇళ్ళలో పెద్దవాళ్ళు టమాటాని రామములగ అని కూడా అంటారు, అడిగి చూడండి.

చలికాలం ముందు, మంచు పడే లోపు, పచ్చికాయలన్నీ కోసెయ్యండి. అవి పారెయ్యడానికి కాదు. పచ్చిమిరపకాయలతో కలిపి నూనెలో మగ్గబెట్టి రోట్లోనో, మిక్సీలోనో నూరితే మంచి పచ్చడి అవుతుంది.

చెయ్యండి:
1. మీ మొక్క బొమ్మ గీసి, మొగ్గ, పువ్వు, పిందె, కాయ, పండు ఎక్కడున్నాయో రాయండి.
2. మా మొదటి నాలుగు కాయలు ఎందుకు పాడయ్యాయి? మీ మాటల్లో చెప్పండి.
3. “దోరగా” అనే మాట ఇంకే పండ్లకి వాడతారో ఇంట్లో అడిగి రెండు వాక్యాలు రాయండి.