మందులు మాన్పించి పనికి పంపకండి

"పనిలో పెడితే వాడే కుదురుకుంటాడు." బైపోలార్ అనే మానసిక జబ్బుకు మందులు వాడుతున్న కుర్రాడి గురించి సూరత్‌లోని మన తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట ఇది. వెంటనే కతర్‌గామ్‌లో వజ్రాల సానపని వెతుకుతారు, లేదా మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు. పైగా, యజమానికి తెలిస్తే పనిలో ఉంచుకోరని మందులు ఆపేయమంటారు.

దయచేసి అలా చేయకండి. బైపోలార్ ఉన్నవారికి నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది. పన్నెండు గంటల రాత్రి షిఫ్టు వాళ్లకు సరిపడదు. లిథియం వాడుతుంటే, ఉక్కపోతలో చెమటలు కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు రక్తంలో ఆ మందు ప్రమాదకరంగా పెరగొచ్చు. కొందరికి దానివల్ల చేతులు సన్నగా వణుకుతాయి. రాయిని చక్రానికి ఆనించి, భూతద్దంలో చూసుకుని, మళ్లీ ఆనించే పనిలో ఆ వణుకుతో రాళ్లు తక్కువ దిగుతాయి. కూలేమో రాయి లెక్కన. ఆసుపత్రికెళ్లిన రోజు అదీ లేదు. వజ్రాలకు గిరాకీ పడిపోయి, కార్మికుల ఆత్మహత్యలు పెరిగి, 2024లో వజ్ర కార్మికుల సంఘమే హెల్ప్‌లైన్ పెట్టాల్సి వచ్చింది. అలాంటి చోటికి కోలుకుంటున్న బిడ్డను తోయడమేమిటి?

ఇంకో మోజు, వికలాంగుల కోటాలో సర్కారు కొలువు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. మానసిక అనారోగ్యానికి ప్రత్యేకంగా వాటా లేదు. ఆటిజం, మేధో వైకల్యం వంటి వాటితో కలిపి ఒక్క శాతమే. మందులతో బాగున్నవారికి ఆ 40 శాతం రాకపోవచ్చు. అయినా "మీకు కోటా ఉంది" అంటూ కోచింగ్‌కు డబ్బు గుంజేవాళ్లున్నారు. అప్పుచేసి కట్టకండి.

ఉద్యోగంలో ఉండగా జబ్బు వస్తే మాత్రం ప్రభుత్వ కొలువులో చట్టం అండగా ఉంది. మానసిక అనారోగ్యం వచ్చిన సీఆర్పీఎఫ్ అధికారి రవీందర్ కుమార్ ధరివాల్ కేసులో 2021లో సుప్రీంకోర్టు ఆయన పక్షానే నిలిచింది.

నా ఓటు పగటి పనికి, నెల జీతానికి. బట్టల మార్కెట్లో జీఎస్టీ లెక్కలు, ట్యాలీ, ఐటీఐ చదువు, ఇలా వేళకు ఇంటికొచ్చే దారి ఏదైనా. మొదట పూటపని చాలు. యజమానికి జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది అబ్బాయి ఇష్టం. "రాత్రి షిఫ్టు చేయలేను, నెలకో పూట ఆసుపత్రికెళ్లాలి" అంటే చాలు. తెలుగులో మాట్లాడాలంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. జీతం అతని ఖాతాలోనే పడనివ్వండి.