రెక్క వేలాడుతున్న పాలపిట్ట

ప్రశ్న: జగ్గయ్యపేట దగ్గర మిరపచేలో పాలపిట్ట దొరికింది. ఒక రెక్క వేలాడుతోంది. పాలన్నం పెడితే ముట్టడం లేదు. పసుపు రాసి కట్టు కట్టమంటారా? బాగయ్యాక పిల్లలు పెంచుకుంటామంటున్నారు.

జవాబు: పాలన్నం తీసేయండి. పాలు పక్షులకు అరగవు. పాలపిట్ట తినేది మిడతలు, పేడపురుగుల్లాంటివి. నీళ్లు కూడా నోట్లో పోయకండి. పక్షికి గాలిగొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది, పోసిన నీరు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

కట్టు మీరు కట్టొద్దు. మనకున్నట్టు పక్షికి ఉదరవితానం ఉండదు, రొమ్ము కదిలితేనే ఊపిరి. బిగించి కట్టినా, గట్టిగా పట్టుకున్నా ఊపిరాడక పోతుంది. పసుపు, మనం వాడే నొప్పి మాత్రలు అసలే వద్దు. తువ్వాలు కప్పి మెల్లగా ఎత్తి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి ఉంచండి. చీకటి, వెచ్చదనం, నిశ్శబ్దం చాలు. చూడటానికి వచ్చే చుట్టుపక్కల వాళ్లే దానికి పెద్ద గండం!

ఆలస్యం మాత్రం చేయకండి. పక్షి ఎముక మన ఎముక కన్నా త్వరగా అతుక్కుంటుంది, వంకరగా అతుక్కుంటే ఇక ఎగరలేదు. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో పశువైద్యుడికి చూపించి, అటవీశాఖకు కబురు చేయండి.

పెంపకం మాట మరచిపోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చేతికొచ్చిన అడవి పక్షిని 48 గంటల్లోగా పోలీసులకో అటవీ అధికారికో తెలిపి అప్పగించాలి. దసరాకు చూపించి డబ్బులడిగే వాళ్లకు ఇవ్వడమూ నేరమే.