మొదటి అక్షరం ఏమైంది?

పిల్లలూ! ఉత్తరం మీద చిరునామా ఎలా రాస్తాం? ముందు పేరు, తరువాత వీధి, ఊరు, జిల్లా. లైనక్స్ కంప్యూటరులో ఫైలు చిరునామా దీనికి తలకిందులు. పెద్దది ముందు, చిన్నది చివర. "/బడి/పాఠం" అంటే బడి అనే డైరెక్టరీలో పాఠం అనే ఫైలు ఉందని అర్థం. మొట్టమొదటి ఏటవాలు గీత అన్నింటికీ మూలమైన డైరెక్టరీకి గుర్తు. దీనినే రూట్ అంటారు. రెండో గీత పేర్లను విడదీస్తుంది, అంతే. గీత ఒకటే, పనులు రెండు!

2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ అనే ప్రోగ్రాము, ఒక డైరెక్టరీలోని ఫైళ్లలో జరిగిన మార్పులను వరుసగా భద్రపరుస్తుంది. ఫైళ్ల పేర్లను అది ఆ డైరెక్టరీ దగ్గర నుంచే రాసుకుంటుంది. కాబట్టి గిట్‌తో కలిసి పనిచేసే ప్రోగ్రాము రాసేవారు పూర్తి చిరునామాలో ముందు భాగాన్ని తీసివేయవలసి వస్తుంది.

దానికి ఒక సులువైన సూత్రం చూడండి. డైరెక్టరీ చిరునామాలోని గుర్తులను లెక్కపెట్టి, విడదీసే గీత కోసం 1 కలిపి, అన్ని గుర్తులను తొలగించాలి. గీతను, ఒక్కొక్క అక్షరాన్ని ఒక్కో గుర్తు అనుకుందాం. "/బడి"లో 3 గుర్తులు. 3 + 1 = 4. "/బడి/పాఠం"లో 4 తీసివేస్తే "పాఠం" మిగిలింది. సరిపోయింది కదా!

కంప్యూటరు అమరికలన్నిటిలో మార్పులను గమనించడానికి కొందరు గిట్‌ను రూట్‌లోనే పెడతారు. అప్పుడు డైరెక్టరీ చిరునామా "/" మాత్రమే. 1 + 1 = 2. "/అసంపూర్తి"లో 2 తీసివేయండి. "సంపూర్తి" అయి కూర్చుంది! ఆ పేరుతో ఫైలు లేకపోతే తప్పు వెంటనే బయటపడుతుంది. ఉంటేనే ప్రమాదం. ప్రోగ్రాము కిక్కురుమనకుండా దానినే తెరుస్తుంది. చెరిపివేయమంటే దానినే చెరిపివేస్తుంది.

కారణం గ్రహించారా? రూట్‌లో మూలానికి గుర్తయిన గీతే పేర్లను విడదీసే గీత కూడా. మనం దానిని రెండుసార్లు లెక్కించాం.

చిరునామాను తిరిగి కలిపేటప్పుడూ ఇదే పొరపాటు జరిగితే "//అసంపూర్తి" వస్తుంది. లైనక్స్ రెండు గీతలను ఒకటిగానే తీసుకుంటుంది కనుక ఇక్కడ తప్పు దాగిపోతుంది. కలపడం సరిగా ఉంది కదా అని తీసివేతను పరీక్షించకుండా వదలకూడదు.

నివారణ తేలికే. డైరెక్టరీ చిరునామా చివర గీత ఉందేమో ముందు చూడాలి. లేకపోతేనే 1 కలపాలి. ఏ సూత్రాన్నయినా మామూలు ఉదాహరణతోపాటు హద్దు దగ్గర కూడా పరీక్షించండి.

ఆలోచించండి: "/బడిగంట/సమయం" అనే ఫైలు "/బడి"లో ఉన్నట్టా, లేనట్టా? ప్రోగ్రాముకు ఆ తేడా ఎలా తెలుస్తుంది?