ప్రార్థనలో పక్కమనిషి పేరు

మా అనంతపురం జిల్లా బెళుగుప్ప వైపు పిల్లలు కరువు మాటలు వింటూనే పెరుగుతారు. వాన రాలేదు, ఊడలు దిగకముందే శెనక్కాయ పైరు ఎండిపోయింది, బాకీకి వడ్డీ కూడా కట్టలేదు. ఉమ్మడి జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ వేళకు పడదు. ఇలాంటి ఎర్రనేలల్లో ఆ మాటలు దాచితే దాగవు, దాచమని నేను చెప్పను. వాటితోపాటు ఇంకో మాట కూడా ఇంట్లో వినబడాలని మాత్రం అమ్మానాన్నలను అడుగుతున్నాను. ఆ కష్టంలో మన పక్కన నిలబడి పనిచేసిందెవరు?

ఉపాధి హామీ పని సంగతే చూడండి. ఆ పథకం దేశంలో మొదలైంది మన జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పనిలో జట్టు తవ్విన గుంతకు కొలత వేసి కూలి లెక్క కడతారు. ఎండాకాలం ఆ గట్టినేలలో గడ్డపార దిగదు. జట్టులో ఒకామె జ్వరంతో తట్ట మోయలేకపోతే, మిగిలినవాళ్లు ఇంకాస్త తవ్వితేనే కొలత తగ్గదు. "నువ్వు ఆ చెట్టు కింద కూర్చోక్కా, మేం చూసుకుంటాం" అన్నవాళ్లు తమ కూలికి కోత పడినా సరేననుకునే ఆ మాట అన్నారు. పెద్దలకు ఇది తెలుసు. పిల్లలకు ఎవరూ చెప్పరు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో ఈ వారం కూలి దొరికినందుకు ప్రభువుకు స్తోత్రం చెల్లిస్తాం. మంచిదే. ఆ కూలి నిలబెట్టిన మనిషి పేరు మాత్రం రాదు. అన్నీ దేవుడే చేశాడు కదా, మనుషుల పేర్లెందుకు అంటారు కొందరు. నాకది భక్తిలా కనబడదు, మరుపులా కనబడుతుంది.

పౌలు అలా మరవలేదు. రోమా పత్రిక చివరి అధ్యాయం పిల్లల చేత చదివించండి. వట్టి పేర్లే కదా అని మనం దాటేసే అధ్యాయం అది. అందులో పేరున్న అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు, యూదులంతా రోమా విడిచి పొమ్మని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపిస్తే కొరింథుకు వచ్చి పడినవాళ్లు. వాళ్లదీ పౌలుదీ ఒకటే వృత్తి, డేరాలు కుట్టడం. ఒకే ఇంట్లో ఉండి పనిచేశారు. తన ప్రాణం కోసం వాళ్లు తమ ప్రాణాలకు తెగించారని పౌలు రాశాడు. రూఫు అనే మరొకతని తల్లి తనకూ తల్లేనన్నాడు. బెంగళూరుకు వలసపోయి కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఒకరి బిడ్డను ఒకరు చూసుకునే మనవాళ్లకు ఈ అధ్యాయం విడమరిచి చెప్పనక్కరలేదు. వలస పోయిన అమ్మ ఫోన్ చేసినప్పుడు, అవ్వ దగ్గరున్న బిడ్డకు డబ్బు సంగతొక్కటే కాదు, అక్కడ తనకు తోడెవరో కూడా చెప్పాలి. అమ్మ ఒంటరిగా లేదని తెలిస్తే ఆ బిడ్డకు కాస్త నిబ్బరం.

మరి మనకు తోడు నిలిచిన అక్క మన చర్చికి రాదు, గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటుంది. ఆమె పేరు ప్రార్థనలో ఎలా తేవడం అని తటపటాయించేవాళ్లున్నారు. ఓడ పగిలి పౌలు మెలితే ద్వీపం చేరినప్పుడు, వానలో చలికి వణికేవాళ్లకు నిప్పు రాజేసి చేర్చుకున్న ద్వీపవాసులు ఏ సంఘానికి చెందినవాళ్లు? వాళ్ల దయ అపొస్తలుల కార్యాల్లో గౌరవంగా నిలిచి ఉంది. కాబట్టి ఆమె పేరు చెప్పండి, ఆమె మారాలని కాదు, మేలు చేసిందని.

అందరూ ఆదుకున్నారని అబద్ధం చెప్పమనడం లేదు. మన మీద చాడీలు చెప్పినాయన మాటేంటి అని పిల్లలు అడుగుతారు. పౌలుకూ అలెక్సంద్రు అనే కంచరివాడు చాలా కీడు చేశాడు. పౌలు ఆ సంగతి క్లుప్తంగా తేల్చేశాడు. మీకూ అంతే చాలు.

ఇంకొకటి. ఆదుకున్నవాళ్లు లేకుంటే నీకు కూడుండేది కాదని పిల్లల నెత్తిన బరువు పెట్టొద్దు. రుణం పెద్దలది, ముయ్యి (బదులు సాయం) తీర్చాల్సిందీ పెద్దలే. మీకు తోడు నిలిచినామె చేలో కలుపు తీయడానికి మీరు పోయేటప్పుడు బిడ్డనూ వెంట రానివ్వండి, సెలవు రోజైతేనే సుమా, బడి మానిపించి కాదు.

ఈ ఆదివారం ఒక్క పేరుతో మొదలుపెట్టండి. ఆ పేరుగలామె మీ వీధిలోనే ఉంటే, దేవునికి చెప్పిన ఆ మాట బిడ్డ పక్కనుండగా ఆమెకూ చెప్పండి.