జనుల మెప్పు, ఏలిక నడత

పఠనభాగములు: 1 సమూయేలు 8, ద్వితీయోపదేశకాండము 17:14-20

ప్రియులారా, జనులు మెచ్చిన నాయకుడు ఏమి చేసినను న్యాయమేనా? "అంతమంది ఓటు వేసిరి గదా, ఇక అడుగుటకు మీరెవరు?" అను మాట మన ఊళ్లలో రచ్చబండమీదను వినుచున్నాము.

ఇశ్రాయేలు పెద్దలందరు రామాకు వచ్చి తమకు రాజు కావలెననిరి. వారిలో ఒక్కరైనను వేరుగా పలికినట్లు అక్కడ వ్రాయబడలేదు. ఆ రాజు వారి కుమారులను రథములయొద్దకు తీసికొనిపోవుననియు, మంచి పొలములను లాగుకొని తన సేవకులకిచ్చుననియు సమూయేలు ముందే తెలిపెను. వారు వినలేదు. దేవుడు రాజునిచ్చెను గాని, అతడు లాగుకొను పొలము అతనిదేనని చెప్పలేదు.

మన దేశములోనే దీనికి దగ్గరి సంగతి యొకటి జరిగినది. 1971లో శ్రీమతి ఇందిరాగాంధీ పక్షమునకు లోక్‌సభలో 352 స్థానములు వచ్చెను. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ఆమె ఎన్నిక చెల్లదనెను. జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. ప్రతిపక్ష నాయకులను విచారణ లేకయే చెరలో వేసిరి. పత్రికల నోరు కట్టిరి. అట్టి ఖైదీ కోర్టు తలుపు తట్టుటకు వీలులేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు చెప్పిరి. హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే కాదనిరి. 2017లో అదే కోర్టు ఆ నలుగురి తీర్పును కొట్టివేసెను.

1977 మార్చిలో ఎన్నికలు వచ్చెను. ఉత్తరాదిన ఆమె పక్షము కూలెను. రాయబరేలిలో ఆమెయు ఓడిరి. మన ఆంధ్రప్రదేశములోనో, 42 స్థానములలో 41 ఆమె పక్షమునకే! నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారొక్కరే జనతా పక్షమున గెలిచిరి. ఆ మెప్పు బూటకమని మేము చెప్పము. పేదలకు ఇంటిస్థలములిత్తుమనిరి, 1976లో వెట్టిచాకిరిని చట్టముచేత రద్దుచేసిరి. మన సంఘములలో కూలిజనులే యెక్కువ. వారికిది చిన్న సంగతియా? రైళ్లు వేళకు నడిచెనని సికింద్రాబాదులో మా పెద్దలు నేటికిని మెచ్చుకొందురు.

అయితే విచారణ లేని చెర రాయబరేలిలో తప్పై, మన జిల్లాలలో ఒప్పగునా? చెరలోనున్నవాని భార్యకు రైలు వేళకు వచ్చిననేమి? ఎన్నికలు పెట్టినది ఆమెయే, ఓడినపుడు గద్దె దిగినదియు ఆమెయే, ఇదియు చెప్పవలెను. 1980లో మన మెదకువారు ఆమెను లోక్‌సభకు పంపిరి. అది వారి హక్కు. ఆ ఓట్లు పదవినిచ్చెను గాని 1975 నాటి చెరసాలల లెక్కను తుడిచివేయలేదు.

అధికారులకు లోబడుమని రోమా 13లో లేదా అని యొకరు అడుగుదురు. ఉన్నది. అధికారి దేవుని పరిచారకుడనియు అక్కడనే యున్నది. పరిచారకుడు లెక్క చెప్పవలసినవాడు. ద్వితీయోపదేశకాండములో రాజు ధర్మశాస్త్రపు ప్రతిని తనకొరకు వ్రాసికొని, బ్రదుకు దినములన్నియు చదువవలెను. తన సహోదరులకంటె తాను గొప్పవాడనని గర్వింపకుండుటకే యిది. జనులు మెచ్చినచో ఆ ప్రతిని మూసిపెట్టవచ్చునని యెక్కడను లేదు.

వచ్చు నెల పాఠము 1 సమూయేలు 12:1-5. తల నెరసిన సమూయేలు జనులయెదుట నిలిచి, తాను ఎవరి ఎద్దునైనను పట్టుకొనెనేమో చెప్పుడని తానే అడుగును. ముందుగా చదివి రండి.